అంగారకుడి మీద కత్తియుద్ధాలు: ఇప్పటికీ ఎందుకింత ఇష్టం?

ఎర్రచుక్క:
ఎడ్గార్ రైస్ బరోస్ రాసిన బార్సూమ్ (ఆ కథల్లో అంగారకుడి పేరు) కథలు మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను. మొదటిది 1912లో పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1917లో పుస్తకమైంది. అంగారకుడి మీద పీల్చుకునే గాలి లేదనీ, కాలువలు లేవనీ, నాలుగు చేతుల పచ్చమనుషులు లేరనీ నాకు తెలుసు. అయినా భూమి నుంచి వెళ్ళిన హీరో జాన్ కార్టర్ అక్కడ నడవబోయి గాల్లోకి ఎగిరిపడే చోటు వచ్చేసరికి ఇక పుస్తకం పక్కన పెట్టలేను. లెక్కలన్నీ సరిగ్గా ఉన్న కొత్త సైన్స్ ఫిక్షన్ కూడా చదువుతాను, మెచ్చుకుంటాను. కానీ ప్రాణం మాత్రం ఈ పాతవాటి మీదే.

నాకేమనిపిస్తుందంటే, ఈ మోజులో కత్తికంటే గ్రహానిదే పెద్ద వాటా. ఇదే కథను ఊహించి పేరు పెట్టిన ఏదో గ్రహం మీద నడిపిస్తే నాకు సగం రుచి పోతుంది. అంగారకుడైతే రాత్రి తలెత్తితే కనిపిస్తాడు. ఆ చుక్క మీదే ఇంత జరిగిందనుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మీకూ అంతేనా?

దుర్భిణి:
అంతేనండి. పైగా అప్పట్లో అది గాలిలో మేడలు కట్టడమేమీ కాదు. అంగారకుడు ఎండిపోతున్నాడనీ, అక్కడివాళ్ళు ధ్రువాల మంచునీళ్ళను కాలువల్లో తెచ్చుకుంటున్నారనీ ఖగోళ శాస్త్రజ్ఞుడు పర్సివల్ లొవెల్ 1895 నుంచి పుస్తకాలు రాశాడు. చాలామంది ఖగోళ శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు గానీ జనం నమ్మారు. ఆ ఎగరడానికీ ఆధారం ఉంది: అక్కడి గురుత్వాకర్షణ మన దాంట్లో 38 శాతమే. బరోస్ దాన్ని బాగా సాగదీశాడు, అంతే.

కథల్లో శుక్రుడి మీద ఉండే అడవులు, సముద్రాలు 1962లో మారినర్ 2 అనే వ్యోమనౌక అక్కడి వేడిని కొలవడంతో పోయాయి. 1965 జూలైలో మారినర్ 4 పంపిన ఫోటోల్లో అంగారకుడంతా గుంతలే. ఆ రోజు ఒక ప్రపంచమే పోయిందనిపిస్తుంది నాకు.

ఎండినరేవు:
నాకు బరోస్‌తో ఇబ్బంది ఉంది. బయటి నుంచి ఒకడొచ్చి కొన్నాళ్ళకే అక్కడి వీరులందరినీ మించిపోతాడు. దాదాపు ప్రతి పుస్తకంలో ఎవరో ఒక స్త్రీని ఎత్తుకుపోతారు, ఇతను వెంటపడతాడు. ఇలాంటి కథలే రాసిన రచయిత్రి లీ బ్రాకెట్‌ని చదవండి. ఆమె హీరో ఎరిక్ జాన్ స్టార్క్ బుధగ్రహం మీద అక్కడి ఆదిమ జాతి పెంచిన అనాథ. భూమి నుంచి వచ్చిన కంపెనీల మీద స్థానికులు తిరగబడితే వాళ్ళ పక్షాన పోరాడినవాడు. ఆమె అంగారకుడిలో సముద్రం ఎప్పుడో వెళ్ళిపోయిన రేవు పట్టణాలుంటాయి. ఆ దిగులు బరోస్‌లో నాకు దొరకలేదు.

ఎర్రచుక్క:
ఎత్తుకుపోవడాల గురించి మీరన్నది నిజం, ఆ అధ్యాయాలు నేనూ గబగబా దాటేస్తాను. దిగులు దొరకలేదంటే మాత్రం ఒప్పుకోను. పచ్చమనుషుల పిల్లలు గుడ్లు పగిలి బయటికొస్తారు. తల్లెవరో తండ్రెవరో ఎవరికీ తెలియదు, ఎదుటివాడు బాధపడితే నవ్వుతారు. అలాంటి చోట సోలా అనే పచ్చ అమ్మాయి ఒక్కతికే తన తల్లి తెలుసు, తండ్రి వాళ్ళ నాయకుల్లో ఒకడైన టార్స్ టార్కస్ అనీ తెలుసు. కానీ పైకి చెప్పుకోకూడదు. కత్తియుద్ధాలన్నీ మరిచిపోయినా ఆమె ఆ సంగతి చెప్పే అధ్యాయం నేను మరిచిపోను.

ఇంకోటి. వాళ్ళ దగ్గర రేడియం తుపాకులున్నాయి, మరి కత్తులెందుకు? ఎదుటివాడు ఏ ఆయుధంతో వస్తే దానితోనో, అంతకంటే చిన్నదానితోనో ఎదుర్కోవాలి, పెద్దది తీయకూడదని అక్కడి ఆచారం. పరువు కోసం ప్రాణం పణంగా పెట్టే లోకమని ఆ ఒక్క నియమంతో తెలిసిపోతుంది. ఆ మొదటి పుస్తకం ముగింపు చూడండి. గ్రహమంతటికీ గాలి తయారుచేసే కేంద్రం ఆగిపోతుంది, కార్టర్ దాని తలుపులు తెరుస్తాడు, స్పృహ తప్పి భూమి మీద కళ్ళు తెరుస్తాడు. అక్కడ అందరూ బతికారో లేదో తెలియదు. కుర్రాళ్ళ సాహసకథ అనుకున్నది అలా ఆగితే నాకు నిద్ర పట్టలేదు.

స్టార్క్ కథల్లో ముందు ఏది చదవాలో చెప్పండి.

ఎండినరేవు:
సోలా గుర్తు రాలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. 1949లో ప్లానెట్ స్టోరీస్ పత్రికలో వచ్చిన 'క్వీన్ ఆఫ్ ది మార్షియన్ కేటకూంబ్స్'తో మొదలుపెట్టండి. తర్వాత ఆమెదే 'సీ కింగ్స్ ఆఫ్ మార్స్'. అది స్టార్క్ కథ కాదు గానీ, ఎండకముందు ఆ సముద్రం ఎలా ఉండేదో అందులో చూస్తారు.