పాత ఎయిర్‌ఫిక్స్ నాట్ కిట్: కట్టమంటారా, అలాగే ఉంచమంటారా?

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి సామాన్లలో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వాళ్ల 1/72 స్కేల్ (అసలుకి 72వ వంతు) నాట్ జెట్ విమానం ప్లాస్టిక్ మోడల్ కిట్ దొరికింది. పెట్టె నలిగింది గానీ భాగాలన్నీ ఉన్నాయి. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అంటించే గుర్తులు) మాత్రం పసుపెక్కాయి. కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనిస్తే తెల్లబడతాయంటారు. మన ఎండలకి ఎన్నాళ్లు ఉంచాలి? నీళ్లలో వేయగానే ముక్కలైపోకుండా ముందే పైన క్లియర్ వార్నిష్ కొట్టాలా?

అసలు చిక్కు వేరే ఉంది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద మన వైమానిక దళ పైలట్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపిన నాట్‌లా దీన్ని చేయాలని నా కోరిక. ఆయనది ఒంటిసీటు ఫైటర్. పెట్టెలో ఉన్నదేమో రెండు సీట్ల ట్రైనర్, టీ.1. ఈ స్కేల్లో ఫైటర్ రెక్కలు కొస నుంచి కొసకి దాదాపు 94 మి.మీ. ఉండాలి, ట్రైనర్‌వి 102 దాకా వస్తాయి. కొసలు కోసేస్తే సరిపోదు, రెక్క వైశాల్యమే ఎక్కువ. పైగా బాడీ కూడా పొడవు. బుద్ధిగా, ఒకప్పుడు ఈ ట్రైనర్లే నడిపిన బ్రిటన్ విమాన విన్యాసాల జట్టు రెడ్ యారోస్ ఎరుపు వేసేయడమే మేలని తెలుసు, మనసే ఒప్పుకోవట్లేదు!

ఇలా మార్చి చూసినవాళ్లు ఉన్నారా? బాడీ ఎక్కడ కోశారు? ఒకవేళ కట్టకుండా ఉంచితే, డెకాల్స్ పాడైన ఇలాంటి కిట్‌కి సేకరించేవాళ్ల దగ్గర విలువ ఉంటుందా?