యాప్ పేరులో "డైరీ" ఉన్నందుకు లీగల్ నోటీసు: మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

చిన్నయాప్:
నేనొక్కడినే నడుపుకుంటున్న యాప్ అండీ. రోజూ నాలుగు ముక్కలు రాసుకోవడానికి, అంతే. పేరులో రెండు మాటలు, రెండోది "డైరీ". ఓ పెద్ద కంపెనీ లాయర్లు మెయిల్ పెట్టారు: ఆ మాట మీద మాకు ట్రేడ్‌మార్క్ ఉంది, పేరు మార్చకపోతే స్టోర్‌కి ఫిర్యాదు చేస్తాం అని. డైరీ అనే మాట ఒకరి సొత్తు ఎలా అవుతుంది? చచ్చే టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది చూసినవాళ్లు ఏం చేశారో చెప్పండి.

పాత_సర్వర్:
కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ అమ్మిన లిండోస్ అనే కంపెనీ గొడవ గుర్తుందా ఎవరికైనా? 2001 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీ మీద కేసు వేసింది, పేరు విండోస్‌ని పోలి ఉందని. వాళ్లు తగ్గలేదు. తెర మీద కనబడే పెట్టెల్ని "విండోస్" అనడం మీకన్నా ముందునుంచే ఉంది కదా అని ఎదురు వాదించారు. అమెరికా జడ్జి లిండోస్ పేరును ఆపడానికి ఒప్పుకోలేదు. పైగా 1985లో విండోస్ మొదటి వెర్షన్ రాకముందు ఆ మాటను అందరూ మామూలుగా వాడేవారా అన్నదే చూడాలన్నారు. దాంతో భయం అటువైపు మళ్లింది. ఓడితే లిండోస్ సంగతి దేవుడెరుగు, తమ మార్కుకే ఎసరు! 2004లో మైక్రోసాఫ్టే 2 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. కేసు వేసినవాళ్లే డబ్బు కట్టడం మళ్లీ ఎక్కడ చూస్తాం?

జావా_జీవి:
సగమే చెప్పారు పాత_సర్వర్ గారూ. డబ్బొచ్చింది కానీ పేరు పోయింది. నెదర్లాండ్స్ కోర్టు లిండోస్ అమ్మకాలకు అడ్డం పడింది. రాజీ కుదరకముందే లిన్‌స్పైర్ అని మార్చుకున్నారు. ఒక దేశంలో నిలిచిన వాదన పక్క దేశంలో నిలవదు. స్టోర్‌లో యాప్ పెట్టామంటే దాదాపు అన్ని దేశాల్లో పెట్టినట్టే.

మార్క్_క్లాస్9:
ఇలాంటి నోటీసులకు జవాబులు రాసే ఆఫీసులో కొన్నాళ్లు పనిచేశాను. ముందు ఆ మెయిల్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ వెతకండి. లేకపోతే అడగండి. దాన్ని ఆ దేశపు ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైట్‌లో కొట్టి చూడండి.

ఒక క్లయింట్‌కి "మా పదం వాడారు" అని చాలా ఘాటుగా రాశారు. నంబర్ కొట్టి చూస్తే రిజిస్టరయింది పదం కాదు, లోగో. దాని కిందే చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: ఈ లోగోలో తప్ప విడిగా ఆ పదం మీద హక్కు కోరడం లేదు అని. ఆ పేజీ జతచేసి రెండు పేరాల జవాబు పంపాం. అటునుంచి మళ్లీ ఉలుకూ పలుకూ లేదు.

క్లాస్ కూడా చూడండి, అంటే మార్క్ ఏ రకం సరుకులకో సేవలకో చెప్పే వర్గం. మొత్తం 45 ఉంటాయి. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ 9లో, ఆన్‌లైన్‌లో నడిచేది 42లో వస్తాయి. వాళ్లది కాగితం సరుకుల 16 ఒక్కటే అయితే వాళ్ల వాదన పలచబడుతుంది. బాగా పేరున్న బ్రాండైతే మాత్రం క్లాస్ దాటి కూడా అడ్డుపడగలదు.

అలాగని మామూలు మాటలకు మార్క్ దొరకదనుకోకండి. ఆపిల్ మామూలు మాటే. కంప్యూటర్‌కీ పండుకీ సంబంధం లేదు కాబట్టే అది గట్టి మార్క్. అదే పేరు పండ్లు అమ్మేవాడికి దక్కదు. డైరీ రాసుకునే యాప్‌కి "డైరీ" అనేది ఆ పండ్లవాడి కేసే.

కోత_బగ్:
మరి డాట్ కామ్ తగిలిస్తే? 2020లో అమెరికా సుప్రీం కోర్టు హోటళ్లు బుక్ చేసే సైట్ బుకింగ్ డాట్ కామ్ పేరుకి ట్రేడ్‌మార్క్ ఇవ్వొచ్చని 8–1తో ఒప్పుకుంది కదా. సర్వేలో 74.8 శాతం మంది దాన్ని బ్రాండ్ పేరనే అనుకున్నారని లెక్క చూపించారు.

మార్క్_క్లాస్9:
ఆ సర్వే చేయించే స్తోమత ఎంతమందికి ఉంటుందండీ? స్తోమత ఉన్నా ప్రతిసారీ పని జరగదు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ "జీపీటీ" అన్న మాటకి మార్క్ అడిగితే, అది సరుకు ఏమిటో చెప్పే మాట మాత్రమేనని అమెరికా ట్రేడ్‌మార్క్ ఆఫీసు 2024లో కాదంది.

మధ్యాహ్నం_బిల్డ్:
మాది తిరగబడిన కథ. సెర్చ్‌లో దొరకాలని మా మేనేజర్ పట్టుబట్టి, పని ఏమిటో అదే పేరుగా పెట్టించారు. నిజంగానే దొరికేవాళ్లం. తర్వాత ఇంకొకరు అదే పేరు, ఒక్క అక్షరం తేడా, అదే నీలం ఐకాన్‌తో దిగారు. రిజిస్ట్రేషన్ అడిగితే, పని పేరునే మార్కుగా ఇవ్వలేం అన్నారు. వాళ్ల యూజర్లు మా సపోర్ట్‌కి మెయిల్ చేసి మమ్మల్ని తిట్టేవాళ్లు! ఇంటెల్‌కీ ఈ తలనొప్పి తప్పలేదు. తమ కంప్యూటర్ చిప్ పేరు "386" మీద హక్కు చెల్లదని కోర్టు తేల్చాక, 1993లో వచ్చిన చిప్‌కి అంకె వదిలేసి పెంటియం అని కొత్త మాట పుట్టించుకుంది.

చిన్నయాప్:
చూశానండీ. క్లాస్ 9లోనే ఉంది. కానీ రిజిస్టరయింది వాళ్ల రెండు మాటల పేరు మొత్తం. "డైరీ" విడిగా మాది కాదని అందులో వాళ్లే ఒప్పుకున్నారు. నా మొదటి మాట వాళ్లదానికి దరిదాపుల్లో కూడా లేదు. ఇక పట్టించుకోకుండా వదిలేయొచ్చా?

జావా_జీవి:
వదిలేయకు బ్రో. మా ఫ్రెండ్ అలాగే ఊరుకున్నాడు. వాళ్లు స్టోర్‌కి ఫిర్యాదు చేశారు, స్టోర్ ఆ మెయిల్‌ని ఇతనికి ఫార్వర్డ్ చేసింది, అది స్పామ్‌లో పడింది. జవాబు రాలేదని యాప్ తీసేశారు. రివ్యూలన్నీ గోవిందా.

మార్క్_క్లాస్9:
అవును, జవాబు మాత్రం ఇవ్వాల్సిందే. కోపంగా వద్దు. "మీ యాప్ చూసే మొదలుపెట్టాను" లాంటి మాట పొరపాటున కూడా రాయొద్దు, రేపు అదే మీ మీద వాడతారు. ఆ రిజిస్ట్రేషన్ పేజీ, "డైరీ" పేరుతో స్టోర్‌లో ముందునుంచీ ఉన్న యాప్‌ల స్క్రీన్‌షాట్లు తేదీలతో సహా జతచేయండి. పంపేముందు లాయర్‌కి ఒక్కసారి చూపించండి. స్టోర్‌లో మీరిచ్చిన కాంటాక్ట్ మెయిల్ పనిచేస్తోందో లేదో ఈరోజే చూసుకోండి.