దారం లాగే పరీక్షలో అంతర్దృష్టిని యత్నదోషం నుంచి వేరు చేసేదెలా?

కొమ్మకు వేలాడే దారం చివర మాంసం ముక్క కట్టి, కాకి దాన్ని ఎలా అందుకుంటుందో చూసే పరీక్ష గురించి సలహా కావాలి. ముక్కుతో లాగాలి, పైకొచ్చిన దారాన్ని కాలితో తొక్కిపట్టాలి, మళ్లీ లాగాలి. మొదటిసారే సాధిస్తే అంతర్దృష్టి, అంటే చేసి చూడకముందే పరిష్కారం తట్టడం, అనేస్తుంటారు. నాకది తొందరపాటుగా తోస్తుంది. లాగిన ప్రతిసారీ మాంసం కాస్త దగ్గరవుతుంది. ఆ కనిపించే ఫలితమే తర్వాతి లాగుడుకు ప్రోత్సాహం కావచ్చు. అలాగైతే అది యత్నదోషమే, అంటే చేసి చూస్తూ ఫలితాన్ని బట్టి నేర్చుకోవడం. 2010లో న్యూ కాలెడోనియా కాకులపై వచ్చిన అధ్యయనంలో, దారాన్ని పలకలోని రంధ్రం గుండా వదిలి మాంసం సరిగా కనబడకుండా చేస్తే, అనుభవం లేని కాకులు చాలావరకు విఫలమయ్యాయి.

ఇక్కడే చిక్కు. ఆ వైఫల్యం ఆలోచన లేకా, కొత్త పలకంటే బెదురు వల్లా? పలకను ముందే పంజరంలో ఉంచి, దానిమీదే మేత పెట్టి అలవాటు చేస్తే సరిపోతుందా? లేక రంధ్రం ఉన్న పారదర్శక పలకతో మరో గుంపును పోల్చాలా? పలక ఉన్నా మాంసం కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి రెండోదే మెరుగనిపిస్తోంది.

కొలత సంగతి కూడా చెప్పండి. 1898లో మనస్తత్వవేత్త థారన్‌డైక్ ప్రయోగంలో, పిల్లులు పెట్టెలోంచి బయటపడే సమయం ప్రయత్నాలు పెరిగేకొద్దీ క్రమంగా తగ్గింది. కానీ చాలా జంతువుల సగటు తీస్తే, ఒక్కోదానిలో హఠాత్తుగా వచ్చిన మార్పు కూడా నెమ్మదైన వాలుగానే కనిపిస్తుంది. అందుకే ఒక్కో కాకి నేర్చుకునే తీరు చూపే వక్రరేఖను విడిగా గీయాలనుకుంటున్నాను. సమయంతోపాటు దారాన్ని వదిలేసిన సార్లు, వ్యర్థమైన లాగుళ్లు లెక్కిస్తే చాలా? ఇంకేం నమోదు చేయాలి?