డీజే పని నేర్చుకోవాలంటే ముందు కోర్సా, కంట్రోలరా, సౌండ్ బండి వెంట తిరగడమా?

బ్రాడీపేట_నాలుగోలైను:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. డిగ్రీ పూర్తయి ఏడాదిన్నర అయింది. అరండల్‌పేటలో ఒక సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేస్తున్నాను. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత, మంగళవారం సెలవు రోజున మాత్రమే నాకు తీరిక దొరుకుతుంది. డీజే పని నేర్చుకుని, తొలుత రిసెప్షన్లకూ సంగీత్‌లకూ వాయించే స్థాయికి రావాలని కోరిక. ఇందుకోసం 25 వేల రూపాయలు దాచుకున్నాను. హైదరాబాదులో ఒక శిక్షణ సంస్థను అడిగితే రెండు నెలల కోర్సుకు 45 వేలన్నారు, అక్కడ ఉండడానికి అయ్యే ఖర్చు వేరు. మా ఊళ్లో డీజే అంటే బండి మీద పెట్టెలు పేర్చుకుని వచ్చేవాళ్లే కాబట్టి వాళ్లలో ఒకరిని అడిగాను. "పెన్‌డ్రైవ్‌లో పాటలుంటే చాలు, ఇందులో నేర్చుకునేదేముంది" అని నవ్వి పంపించేశారు.

నెల రోజులుగా ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే మిక్స్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, రెండు పాటల వేగాన్ని తానే సరిచేసే సింక్ బటన్ నొక్కి పాటలు కలుపుతున్నాను. ఇంగ్లీషు క్లబ్బు పాటలు చక్కగా కలుస్తున్నాయి గానీ, మన పాత పాటలు కలిపితే పదిహేను ఇరవై సెకన్లలో రెండూ చెరోదారి పడుతున్నాయి. ఈ లోపం నాదా, సాఫ్ట్‌వేర్‌దా, పాటలదా అన్నది ఒక సందేహం. ఉన్న డబ్బుతో ముందు ఏం చేయాలన్నది రెండోది.

ఇంకొక మాట. మా మేనమామ 26 ఏళ్లుగా బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ము వాయిస్తున్నారు. నా ఉద్దేశం తెలిసిన దగ్గర్నుంచి ఆయన నాతో సరిగా మాట్లాడడం లేదు. ఇది ప్రశ్న కాదు, చెప్పాలనిపించి చెప్పాను.

పటమట_మిక్సర్:

విజయవాడ, గుంటూరు మధ్య రిసెప్షన్లకు వాయించడం మొదలుపెట్టి నాకు పదకొండేళ్లయింది. ముందు మీ మొదటి సందేహానికి జవాబు చెబుతాను, రెండోదానికి దారి అందులోనే దొరుకుతుంది. లోపం మీది కాదు. క్లబ్బుల కోసం తయారయ్యే పాటను కంప్యూటర్‌లో కదలని వేగానికి కట్టి చేస్తారు, పైగా డీజే కలుపుకోవడానికి వీలుగా మొదట్లోనూ చివర్లోనూ 32 దెబ్బలో అంతకు మించో ఒట్టి తాళం వదులుతారు. మన సినిమా పాటను అలాంటి వాడకం ఉంటుందనుకుని ఎవరూ చేయలేదు. ఒకటి ఆలాపనతో మొదలవుతుంది, ఇంకొకటి డైలాగుతో మొదలవుతుంది, మరొకటి పల్లవి తొలి మాట మీద ఠక్కున ఆగిపోతుంది. 1980లలో వచ్చిన పాటల్లోనైతే డోలక్కూ తబలా డ్రమ్సూ మనుషులు కూర్చుని వాయించినవి కాబట్టి, చరణంలోకి వెళ్లేసరికి వేగం రవ్వంత పెరగడం, మళ్లీ పల్లవికి వచ్చేసరికి సర్దుకోవడం మామూలు. సాఫ్ట్‌వేరేమో మొత్తం పాటకు ఒకటే వేగమని లెక్క కట్టి, దెబ్బలు పడాల్సిన చోట్ల గీతలు గీస్తుంది. నిమిషానికి 104 దెబ్బలు, 103 దెబ్బలు అంటే తేడా ఏముందనిపిస్తుంది గానీ, 32 దెబ్బలు గడిచేసరికి, అంటే సుమారు 18 సెకన్లలో, రెండు పాటల మధ్య 0.18 సెకన్ల ఎడం వస్తుంది. అది ఒక దెబ్బలో దాదాపు మూడో వంతు. గతుకుల బాటలో గుర్రబ్బండి పోతున్నట్టు వినిపించేది దానివల్లే.

అందుచేత మన పాటలతో పనిచేసేవాడు కలపడం కంటే ముందు కత్తిరించడం నేర్చుకోవాలి. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట తెరిచి, గొంతు లేకుండా తాళం శుభ్రంగా వినిపించే చోటు వెతకండి. సాధారణంగా పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బీజీఎంలో అది దొరుకుతుంది. అందులో సరిగ్గా ఎనిమిది దెబ్బలు కోసి, నాలుగుసార్లు పక్కపక్కన అతికించి, పాట ముందు పెట్టండి. ఆదితాళం ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు, నాలుగు ఆవర్తనాలైతే 32. ఇప్పుడు మీ పాటకు కూడా తలుపొకటి ఏర్పడింది. మొదట్లో ఒక్కో పాటకు నాకు గంటకు పైగా పట్టేది. ఇప్పుడు నా దగ్గర ఇలా కోసి పెట్టుకున్నవి మూడు వందల పైచిలుకు ఉన్నాయి, నా ఆస్తి అదే.

తీన్‌మార్ సంగతి వేరు. దానిది తిశ్ర నడక, అంటే ఒక్కో దెబ్బ లోపల మూడు చిన్న దెబ్బలుంటాయి. మామూలు డ్యాన్సు పాటలో రెండో నాలుగో ఉంటాయి. వేగం సరిచేసి పెద్ద దెబ్బలు కలిపినా లోపలివి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఇది తెలియని మొదటి ఏడాదిలో, అమరావతి రోడ్డులోని ఒక ఫంక్షన్ హాల్లో సింక్ నొక్కి రెండింటినీ నిబ్బరంగా కలిపేశాను. పెళ్లికొడుకు స్నేహితులు అడుగు ఎక్కడ వేయాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మజ్జిగ గ్లాసు పట్టుకుని పెట్టె పక్కనే నిలబడ్డ పెద్దాయన ఒకరు నా దగ్గరకు వచ్చి, "రెండు పాటలూ ఒకేసారి పెట్టావేమిటి బాబూ, ఏదో ఒకటి పెట్టు" అన్నారు. అప్పటినుంచి నేను వాటిని కలపను. పల్లవి చివరి మాటను ఎకోలో వదిలి, అరక్షణం హాలంతా నిశ్శబ్దమయ్యాక తీన్‌మార్ మొదటి దెబ్బ వేస్తాను. ఆ అరక్షణానికే ఈలలు పడతాయి.

ఇక డబ్బు విషయం. ప్రస్తుతానికి కోర్సు వద్దు. రెండు ఛానళ్ల చిన్న కంట్రోలర్, అంటే ల్యాప్‌టాప్‌లోని మిక్స్ సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నడిపే పెట్టె, మీ దగ్గరున్న మొత్తం లోపలే వస్తుంది. హెడ్‌ఫోన్‌కూ స్పీకర్లకూ వేర్వేరు అవుట్‌పుట్ ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే హాలంతా ఒక పాట వింటుండగా మీ చెవిలో రాబోయే పాట వినిపించాలి. మొదటి మూడు నెలలు సింక్ జోలికి పోకుండా, పాట వేగం మార్చే టెంపో ఫేడర్ జరుపుతూ చెవితోనే కలపండి. వేగం మారినా శ్రుతిని మారనివ్వని కీ లాక్ లేకుండా వేగాన్ని 6 శాతం పెంచితే శ్రుతి సుమారు ఒక స్వరస్థానం పైకి పోతుందని కూడా అప్పుడే మీకు వినపడుతుంది.

మీ మేనమామగారి విషయంలో మాత్రం మీరు పొరబడుతున్నారేమో. తిశ్రం నుంచి చతురశ్రానికి, అంటే మూడు చిన్న దెబ్బల నడక నుంచి నాలుగింటి నడకకు, ఊరేగింపు నడుస్తుండగానే మారడం ఆయన 26 ఏళ్లుగా చేస్తున్న పని. నేను ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ నేర్చుకోలేకపోయినది అదే.

వన్‌టౌన్_సౌండ్స్:

పెన్‌డ్రైవ్ ఉంటే చాలన్న మాట తప్పు. పందొమ్మిదేళ్లుగా పెట్టెలు అద్దెకిస్తున్నాను, పెన్‌డ్రైవ్ కుర్రాళ్ల వల్ల పోయిన స్పీకర్ డయాఫ్రమ్‌లు ఎన్నో నాకు తెలుసు. మిక్సర్ మీద ఎర్ర దీపం వెలుగుతున్నా ఇంకా పెంచుతారు. సిగ్నల్ పైన చదునుగా తెగిపోయి సన్నటి శబ్దాలు పలికే పై పెట్టెల్లోకి, అంటే టాప్స్‌లోకి, వెళుతుంది, లోపల సన్నటి తీగ వేడెక్కి కాలిపోతుంది. ఆకుపచ్చ దాటి పసుపు అంచున ఆగడం నేర్చుకున్నవాడికి నేను సంతోషంగా సెట్టు ఇస్తాను. అలాగే జనరేటర్ మీద ల్యాప్‌టాప్ పెట్టినప్పుడు గుయ్‌మని హమ్ వస్తే కంగారుపడి కేబుళ్లన్నీ పీకకండి. ముందు ఛార్జర్ తీసి చూడండి, చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. అలా ఆగితే దోషం ఎర్తింగ్ దారిలో ఉన్నట్టు.

నిబంధనలు కూడా చదివి పెట్టుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, మూసి ఉన్న హాలు లోపల తప్ప, లౌడ్ స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతాల పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం. విజయవాడ సూర్యారావుపేటలోనూ మీ గుంటూరు కొత్తపేటలోనూ అడుగుకో ఆసుపత్రి ఉంటుంది కాబట్టి, ఊరేగింపు ఏ వీధిలోంచి పోతుందో ఒప్పుకునే ముందే అడగండి. పోలీసులు వచ్చినప్పుడు పెళ్లివారు పక్కకు తప్పుకుంటారు, మిక్సర్ దగ్గర నిలబడి ఉండేది మీరే.

మొగల్రాజపురం_సంగీత్:

సింక్ విషయంలో పటమట గారితో నేను ఏకీభవించను. నేను ఎక్కువగా ఆడవాళ్ల సంగీత్‌లకు, హల్దీలకు వాయిస్తాను. అక్కడ నేను రెండు పాటలు కలిపి వినిపించే సమయం మొత్తం పది నిమిషాలకు మించదు. మిగిలిన మూడు గంటలూ నా కళ్లు జనం కాళ్ల మీదే ఉంటాయి. సింక్ నాకు ఆ తీరిక ఇస్తోంది, దాన్ని వాడినందుకు నేనేమీ చిన్నబుచ్చుకోవడం లేదు.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో తన చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీలో డీజే కూల్ హెర్క్ వాయించిన తీరు గురించి చదివితే నా మాట మీకు అర్థమవుతుంది. గొంతు ఆగి ఒట్టి డ్రమ్స్ మోగే చోట జనం ఎక్కువ ఆడుతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి ఆ ముక్కనే సాగదీయడం ఆయన పద్ధతి. ఇప్పుడు మనం లూప్ బటన్‌తో చేస్తున్నది అదే. పోయిన మాఘంలో ఒక సంగీత్‌లో, నానమ్మగారు కుర్చీలోంచి లేవకుండానే కోలాటం పాట బీజీఎంకు చేతులు తట్టడం చూసి, ఆ ముక్కను నాలుగుసార్లు తిప్పాను. రెండోసారికి ఆవిడ లేచారు, నాలుగోసారికి ఆవిడ వెనక పదిమంది ఉన్నారు.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. పాటలన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. ఇంటర్నెట్ నమ్ముకుని వెళ్లి, సెల్లార్ హాల్లో సిగ్నల్ అందక వధువు ప్రవేశం పాట మధ్యలో ఆగిపోయిన పాపం నాదీ ఒకటి ఉంది. చెవుల సంగతి కూడా మరువకండి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండవచ్చని, పెరిగిన ప్రతి మూడింటికీ ఆ వ్యవధి సగమవుతుందని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. ఇయర్‌ప్లగ్స్ మీ మొదటి కొనుగోళ్లలో ఉండాలి.

బ్రాడీపేట_నాలుగోలైను:

ముగ్గురికీ కృతజ్ఞతలు. కోర్సు ఆలోచన మానుకున్నాను. నిన్న రాత్రి మామయ్య దగ్గరకు ల్యాప్‌టాప్ తీసుకువెళ్లి, నేను కోసిన ఎనిమిది దెబ్బల ముక్క వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బల్ల మీద వేలితో కొడుతూ, "ఏడున్నరే కోశావురా, చివర అర మింగేశావు" అన్నారు. చూస్తే నిజమే. వన్‌టౌన్ గారూ, మంగళవారం మీ బండి ఎక్కడికైనా వెళుతుంటే కేబుళ్లు మోయడానికి నేను రావచ్చునా?

వన్‌టౌన్_సౌండ్స్:

మంగళవారం మంగళగిరిలో రిసెప్షన్ ఉంది. సాయంత్రం నాలుగింటికి దించుతాం, మళ్లీ ఎత్తేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. బేస్ పెట్టె ఒక్కోటి ఇద్దరు మోయాలి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని రండి.