‘నియమితులైన నేను’ అనవచ్చా?

మిత్రుడొకరికి ప్రభుత్వంలో పౌర సంబంధాల అధికారిగా నియామకం వచ్చింది. నలుగురికీ పంపే ముందు ఒకసారి చూడమని తన కృతజ్ఞతా ప్రకటన నాకు పంపారు. మొదటి వాక్యం ఇది:

“పౌర సంబంధాల అధికారిగా నియమితులైన నేను, ఈ అవకాశం కల్పించిన పెద్దలందరికీ కృతఙ్ఞతాభినందనలు తెలియజేస్తూ, వారికి సదా రుణపడి ఉంటాను.”

‘ఫలానావారు నియమితులయ్యారు’ అని వార్తల్లో రోజూ చదువుతాం. అది ఎదుటివారిని గౌరవించే బహువచనం. దాన్ని ఎత్తి తనకే పెట్టుకుంటే తన పేరు పక్కన తానే ‘గారు’ రాసుకున్నట్టు. ‘నియమితుడనైన నేను’ అనాలి, స్త్రీ అయితే ‘నియమితురాలనైన’. ఇవి మరీ గ్రాంథికంగా తోస్తే ‘నన్ను నియమించినందుకు’ అంటే చాలు. పైగా అప్పుడు ఆ పని చేసినవారు కర్తలవుతారు. కృతజ్ఞత చెప్పేచోట కావలసిందీ అదే కదా.

ఎందుకంటే ఆ మాటలోనే ‘చేసినది’ ఉంది. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగిన. చేసిన మేలు ఎరిగి ఉండటం కృతజ్ఞత. దీనికి వ్యతిరేకమైన కృతఘ్నతలో ఉన్నది మరపు కాదు. శత్రుఘ్నుడి పేరులోని ‘ఘ్న’ అది, చంపడం. ధన్యవాదం దారి వేరు: ‘మీరు ధన్యులు’ అని పలకడం. అందులో మెప్పు ఉంది కాని, జరిగిన మేలు ప్రస్తావన లేదు. ఇలాంటి ప్రకటనకు నా ఓటు కృతజ్ఞతలకే.

అయితే ‘కృతఙ్ఞత’ కాదు. జ కింద ఞ వత్తు రావాలి. జ చవర్గానిది, ఆ వర్గపు అనునాసికం ఞ. ఙ కవర్గం నుంచి పొరపాటున వచ్చి కూర్చుంది. ప్రభుత్వ ప్రకటనలు రాయబోయే చేతికి ఈ తేడా తెలిసి ఉండాలి. ‘అభినందనలు’ కూడా దారి తప్పాయి. పదవి వచ్చింది ఈయనకు, అభినందనలు అటునుంచి రావాలి. కృతజ్ఞతాభివందనాలు అనబోయి అలా అన్నట్టున్నారు.

నాకు అసలు అభ్యంతరం ‘రుణపడి ఉంటాను’ మీద. ఈ మాటకు ఒకరు అడ్డుపడ్డారు:

— మాస్టారూ, అది నుడికారం. అమ్మకూ గురువుకూ కూడా అంటాం. ప్రామిసరీ నోటు చదివినట్టు చదివితే ఎలా? ఇంకొకటి, ‘నెనర్లు’ అని అచ్చ తెలుగులో చెప్పవచ్చు కదా?

నుడికారమే, ఒప్పుకుంటాను. కాని అమ్మకు రుణపడితే అడిగేవారు లేరు. నియమించినవారికి రుణపడ్డానని ఒక ప్రభుత్వ అధికారి రాసి సంతకం పెడితే, రేపు ఆయన విడుదల చేసే ప్రతి ప్రకటననూ జనం ఆ మాట పక్కన పెట్టుకుని చదువుతారు. జీతం ఇచ్చేది ఖజానా, అది నింపేది జనం. రుణమంటూ ఉంటే వారికి ఉండాలి. ఇక నెనరు అంటే ప్రేమ, దయ. తెలుగు బ్లాగర్లు ముచ్చటపడి దాన్ని థాంక్స్‌కు బదులుగా వాడారు. నాకూ ఇష్టమే. కాని అధికారిక ప్రకటనలో పెడితే కింద అర్థం కూడా రాయాల్సి వస్తుంది.

— ‘పౌర సంబంధాలు’ ఎందుకు, ‘ప్రజా సంబంధాలు’ అనకూడదా?

అర్థంలో అడ్డు లేదు. సంస్థలు, కంపెనీలు ఎక్కువగా ప్రజా సంబంధాలనే అంటాయి. ప్రభుత్వంలో సమాచార పౌర సంబంధాల శాఖ అని పేరే ఉంది, జిల్లాలో ఉండేవారు జిల్లా పౌర సంబంధాల అధికారి. హోదాను ఉత్తర్వులో ఉన్నట్టే రాయాలి, మన అభిరుచి అక్కడ చెల్లదు.

చివరికి ఆయన పంపినది: “నన్ను పౌర సంబంధాల అధికారిగా నియమించినందుకు పెద్దలందరికీ కృతజ్ఞతలు. నాపై ఉంచిన నమ్మకాన్ని సదా గుర్తుంచుకుంటాను.” రుణం వదులుకున్నారు గాని, ‘సదా’ ఉండవలసిందేనని పట్టుబట్టారు.