చత్వారం వచ్చినోళ్లకు పిస్టల్ మీద లేజర్ సైట్ పనికొస్తదా?

నల్లగండ్ల నాన్న:
అందరికి నమస్తే. నాకు 51 ఏండ్లు. మా పాపను ఎయిర్ పిస్టల్ ప్రాక్టీసుకు గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ లోపలి రేంజ్‌కు తీస్కపోయి వెనక కూసునేటోన్ని, చూసి చూసి నాకూ మనసైంది, ఏడాది సంది నేనూ 10 మీటర్లు కొడుతున్న. ఇప్పుడు చత్వారం అడ్డమొచ్చింది. చదువుకునే అద్దాలు పెట్టుకుంటే టార్గెట్ మొత్తం మబ్బు పట్టినట్టు అయితది, తీసేస్తే ఫ్రంట్ సైట్ (బ్యారెల్ కొస మీద గురి చూసే ముక్క) అంచులు చెదిరిపోతయి, ఏది చూడాల్నో తెల్వక చెయ్యి లేపి దించి మళ్ల లేపి, 60 షాట్లకు ఇచ్చే 75 నిమిషాల్ల సగం అట్లనే పోతది. లేజర్ పెడితే ఎర్ర చుక్క యాడ పడితే ఆడ తగుల్తది, సైట్లు చూసే బాధ ఉండదు కదా అనిపిస్తున్నది. మా బామ్మర్దికి లైసెన్స్ ఉన్న .32 రివాల్వర్ ఉన్నది, లేజర్ పెట్టిస్తే గురి నేర్చుకునే పనే లేదని ఆయన మాట. పాపకు 13, ఆమెకు కూడా మొదటి నుంచే పెట్టిస్తే తొందరగా వస్తదా? వాడినోళ్లు చెప్పండి.

కేపీహెచ్‌బీ అక్క:
ముందు పాప సంగతి అండి. వద్దు. మ్యాచ్‌లో లేజర్ పెట్టనివ్వరు, ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్స్‌లో పిస్టల్‌కి ఓపెన్ సైట్లు (లెన్స్, చుక్క లేకుండా ముందు ముక్కని వెనక గాడిలో పెట్టి చూసేవి) మాత్రమే. మన హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్లలో, 25 మీటర్లలో వెండి పతకాలు తెచ్చింది ఆ సైట్లతోనే కదా. టార్గెట్ నడిమధ్య 10 రింగ్ అడ్డంగా 11.5 మిల్లీమీటర్లే, అంత చిన్నదాన్ని కొట్టాలంటే ఫ్రంట్ సైట్‌కి రెండు పక్కలా వెలుతురు సమానంగా ఉందా లేదా అని కన్ను పసిగట్టాలి, చుక్కకి అలవాటుపడిన పిల్లకి ఆ చూపు రాదు.

మీ కంటికి వస్తే, టార్గెట్ కొంచెం మసకగా కనిపించడం తప్పే కాదండి, స్పష్టంగా ఉండాల్సింది ఫ్రంట్ సైట్. కానీ చదువుకునే అద్దాలు పుస్తకం దూరానికి చేసినవి, చెయ్యి చాపితే సైట్ అంతకంటే చాలా దూరంలో ఉంటుంది, అందుకే మీకు టార్గెట్ మరీ మాయమైపోతోంది. మీ దూరపు నంబర్ మీద +0.50 గానీ +0.75 గానీ కలిపి గురి చూసే కంటికి ఒక లెన్స్ చేయించుకోండి. నాకు ఇదే పని చేసింది. షాపుకి పిస్టల్ పట్టుకెళ్ళలేం కాబట్టి ఇంట్లోనే కంటి నుంచి ఫ్రంట్ సైట్ దాకా టేపుతో కొలిచి, స్కేల్ చివర నల్ల టేపు అంటించి తీసుకెళ్ళాను, దాన్ని అదే దూరంలో పట్టుకుని లెన్సులు మార్చి మార్చి చూశాను. ఇంకా కావాలంటే అద్దానికి తగిలించే ఐరిస్ కూడా ఉంటుంది, సన్న రంధ్రంలోంచి చూస్తే సైటూ టార్గెటూ రెండూ కాస్త తేటపడతాయి, దానికి రూల్ అడ్డు లేదు.

బోయిన్‌పల్లి పెద్దాయన:
తమ్మీ, మీ బామ్మర్దికి ఈ లెక్క చెప్పు. లేజర్ బ్యారెల్ కింద 3 సెంటీమీటర్లల్ల ఉన్నదనుకో, 10 మీటర్లకు కలిపి సెట్ చేసినవు. 5 మీటర్లల్ల గుండు చుక్కకు 1.5 సెంటీమీటర్లు పైన తగుల్తది, 20 మీటర్లకు పోతే 3 సెంటీమీటర్లు కిందికి, గుండు తన బరువుకు దిగేది ఇంకా వేరే. ఇంట్ల దూరాలకు ఇదేం పెద్ద తేడా కాదు గని, చుక్క ఉన్న కాడనే గుండు పోతదనుకునుడు మాత్రం తప్పు.

ఇగ ఎండల ఎర్ర చుక్క ఆనదు. పచ్చది కొంచెం నయం, మనిషి కన్ను 555 నానోమీటర్ల దగ్గర బాగా పట్టుకుంటది, పచ్చ లేజర్ 520, 532 అట్ల దానికి దగ్గర, ఎర్రది 635, 650 అంటే దూరం జరిగింది. అయినా మే నెల మిట్టమధ్యాన్నం అదీ యెతుక్కోవాలె, యెతుక్కునే టైమ్‌ల సైట్లు చూసెటోడు కొట్టనే కొడతడు.

పనికొచ్చే కాడ పనికొస్తది, అది కూడా చెప్పాలె. చీకట్ల, అద్దాలు చేతికి దొరకనప్పుడు, భుజం పట్టేసి చెయ్యి కంటి ఎత్తుకు లేవనోళ్లకు అదొక ఆసరా. కాని బ్యాటరీ ఎప్పుడు అయిపోతదో చెప్పలేం, కింద పడితే సెట్టింగు జరుగుతది, అందుకే సైట్లతోని కొట్టుడు వచ్చినంకనే అది. రివాల్వర్ డబుల్ యాక్షన్ (ఒక్క గుంజుడుకే సుత్తి లేచి పడేది) ట్రిగ్గర్ బరువు, వేలు కుదరకుంటే ఏ లేజరూ కాపాడదు. నేను నేర్పిన పోరగాండ్లు చుక్క కదలకుండ నిలబడేదాక ఆగుడు, నిలబడంగనే గబుక్కున గుంజుడు. చుక్క ఎవ్వలికీ నిలబడదు తమ్మీ, ఆ ఊగుట్లనే మెల్లగ నొక్కాలె.

ఉప్పల్ షూటర్:
పెద్దాయన చెప్పింది కరెక్టే, కానీ ఆ గుంజుడును పట్టించేది కూడా లేజరే అన్నా, అందుకే దాన్ని పూర్తిగా తీసెయ్యకండి. పిస్టల్ డ్రై ఫైర్‌లో (గుండు లేకుండా ట్రిగ్గర్ మాత్రమే నొక్కే పద్ధతిలో) పెట్టి, గదిలో పెల్లెట్లు లేకుండా చూసుకుని, 5 మిల్లీవాట్ల లోపు చిన్న లేజర్ బ్యారెల్ కింద టేపుతో కట్టి ఖాళీ గోడ మీద కొట్టండి. చుక్క ఊగితే పట్టించుకోవద్దు, ట్రిగ్గర్ నొక్కుడు పూర్తయి తెగే క్షణంలో ఎటు దూకిందో అదొక్కటి చూడండి. 10 నిమిషాలు చేసి లేజర్ తీసేసి మళ్ళీ సైట్లతో. అద్దం, స్టీలు బీరువా ఉన్న వైపు మాత్రం వద్దు, తిరిగొచ్చి కంట్లో పడుతుంది. ఇంకోటి, .22 పిస్టల్ ఉన్నవాళ్ళు స్నాప్ క్యాప్ (ఛాంబర్‌లో పెట్టే ఉత్తుత్తి గుండు) లేకుండా ఇలా చేయొద్దు, ఫైరింగ్ పిన్ పోయి ఛాంబర్ అంచుకి కొట్టుకుంటుంది.

అక్కా, పాపకి కూడా వారానికి ఒకసారి ఇది చేయిస్తే నష్టం లేదు అని నా అభిప్రాయం.

కేపీహెచ్‌బీ అక్క:
గోడ మీద అయితే సరే తమ్ముడూ. టార్గెట్ ముందు నిలబడ్డప్పుడు మాత్రం వద్దు.

నల్లగండ్ల నాన్న:
అందరికి చాలా థాంక్స్. నిన్న రాత్రి హాల్‌ల గోడ మీద చేసిన, పాప పక్కన నిలబడి లెక్క పెట్టింది. 20 సార్లల్ల 14 సార్లు చుక్క ఎడమకు కిందికి దూకింది. నా పాత కాగితం టార్గెట్లు తీసి చూస్తే రంధ్రాలన్నీ ఆడనే, ఎడమకు కిందికి. ఇన్ని రోజులు కండ్లనే తిట్టుకున్న. అద్దాల షాపుకు ఆదివారం పోతున్న, స్కేల్‌కు నల్ల టేపు పాపనే అంటించింది.