ట్రెయినీలుగా చేరిన అమ్మాయిలు రెండేళ్లకే మానేస్తున్నారు, లోపం ఎక్కడ?

ప్లాంట్‌హెచ్‌ఆర్:
పటాన్‌చెరు వైపు హెవీ ఫ్యాబ్రికేషన్ యూనిట్ (పెద్ద ఇనుప సామాను కోసి, వెల్డ్ చేసి తయారుచేసేది). కాంట్రాక్టు వాళ్లు కాక 180 మంది. ఏటా క్యాంపస్ నుంచి మెకానికల్, ఈఈఈ అమ్మాయిలను తీసుకుంటున్నాం, జీతం అబ్బాయిలతో సమానమే. రెండేళ్లు తిరిగేసరికి చాలామంది ఉండట్లేదు. ఎగ్జిట్ ఫారంలో "పెళ్లి", "సొంత కారణాలు" తప్ప ఇంకేం రాయరు. ఏం మార్చాలి? జీతాలు పెంచమనకండి, అది నా చేతిలో లేదు.

బే_నంబర్_2:
ఎగ్జిట్ ఫారం పక్కన పెట్టండి. ఎక్స్‌పీరియెన్స్ లెటర్ మీ చేతుల్లో ఉండగా నిజం ఎవరు రాస్తారండీ? మానేసిన ఆర్నెల్లకు బయటి వాళ్లతో ఫోన్ చేయించండి.

ముందు ఒక లెక్క తీయండి: మొదటి 18 నెలల్లో ఎవరు ఏ సెక్షన్‌లో ఎన్ని నెలలున్నారు. అబ్బాయిలు ఫిటప్ (వెల్డింగ్‌కు ముందు ముక్కలు జోడించి బిగించే పని), వెల్డింగ్ బేల్లో (షెడ్డులో పని జరిగే భాగాలు), అమ్మాయిలు ప్లానింగ్‌లోనో మెటీరియల్ సర్టిఫికెట్ల ఫైళ్ల దగ్గరో తేలతారు. "పాపం, ఆ వేడిలో ఎందుకు" అని దయతోనే వేస్తారు. షిఫ్ట్ ఇన్‌చార్జి పోస్టు పడ్డప్పుడు మాత్రం బే అనుభవం అడుగుతారు. దారి అక్కడ మూసుకుపోయాక వచ్చిన సంబంధానికి సరే అంటే, ఫారంలో "పెళ్లి" అని పడుతుంది.

రొటేషన్ కాగితం మీద పెట్టండి: ఫిటప్ 4 నెలలు, వెల్డింగ్ 6, ఎన్‌డీటీ (వస్తువు పాడవకుండా లోపాలు పట్టే పరీక్ష) 3, అసెంబ్లీ 5. ఎవరిది మార్చాలన్నా ప్లాంట్ హెడ్ సంతకం ఉండాలి. బేకి ఇద్దరిని వేయండి. ఒక్కరే ఉంటే ఆమె చేసిన చిన్న తప్పు కూడా "ఆడవాళ్లింతే" ఖాతాలో పడుతుంది.

సేఫ్టీ_డెస్క్:
పైదానికి తోడు సామాను. జాయినింగ్‌కు నెల ముందే బూటు సైజు, ఎత్తు, నడుము కొలత తెప్పించుకోండి. స్టోర్‌లో 6 నుంచి మొదలయ్యే బూట్లుంటాయి, వీళ్లకు కావాల్సింది 3, 4. రెండు సాక్సులు తొడిగి సర్దుకోమంటే స్టీల్ టో వేళ్ల దగ్గర కుదరదు, నిచ్చెన మీద కాలు జారుతుంది. ఎత్తులో పనిచేసేటప్పుడు కట్టుకునే హార్నెస్ వదులైతే పడ్డప్పుడు భుజాల మీంచి జారిపోతుంది. పొడవు చేతుల కవరాల్ మడిచి తొడిగితే లేత్ దగ్గర ప్రమాదం.

టాయిలెట్: 25 మంది ఆడవాళ్లకు ఒకటి అన్న రూల్ లెక్క మీకు సరిపోతుంది, కానీ దూరం చూడండి. అడ్మిన్ బ్లాక్‌లోనే ఉంటే బేలో పనిచేసేవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మేలో ఫర్నేస్ పక్కన అది వడదెబ్బకు దారి, ఏడాది పొడవునా యూరిన్ ఇన్ఫెక్షన్లు. బే చివర ఒకటి కట్టండి. గడియ, లైటు, నీళ్లు, మూత ఉన్న బిన్.

ప్లాంట్‌హెచ్‌ఆర్:
బూట్ల డీలర్ 4 సైజు కనీసం 50 జతలు తీసుకోమంటున్నాడు. ఇంకోటి, రేడియోగ్రఫీకి (ఎక్స్‌రే లాంటి కిరణాలతో వెల్డింగ్ పరీక్షకు) అమ్మాయిలను అసలు వేయట్లేదు, రేడియేషన్ అని.

సేఫ్టీ_డెస్క్:
ఎస్టేట్‌లో నాలుగైదు యూనిట్లు కలిసి ఒకే ఆర్డర్ పెట్టండి. రేడియోగ్రఫీ: గర్భం సంగతి తెలిపాక కడుపులో బిడ్డకు అందే డోసు 1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ కొలత) దాటకూడదు. అప్పుడు ఆ మనిషి పని మారుస్తారు, అంతేగానీ ఆడవాళ్లందరినీ దూరం పెట్టరు.

పేరోల్‌మనిషి:
ప్రసూతి సెలవు సంగతి ఎవరూ ఎత్తలేదు. అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అందులో కాన్పుకు ముందు 8 వరకు. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కింద ఉంటే డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. ఇంజినీర్లు ఆ గీత దాటతారు కాబట్టి మొత్తం యాజమాన్యం మీదే. చిన్న కంపెనీలు లోపల్లోపల వెనకాడేది ఇందుకే. బడ్జెట్‌లో ముందే పెట్టుకోండి.

క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే చోటు) 50 మంది ఉద్యోగులుంటే తప్పనిసరి. 50 మంది ఆడవాళ్లని కాదు, మొత్తం ఉద్యోగులు. ఇక్కడే చాలామంది పొరబడతారు. రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రానివ్వాలి.

తిరిగొచ్చేసరికి ఆమె బేలో ఇంకొకరు స్థిరపడి ఉంటారు, ఈవిడను మళ్లీ ఫైళ్ల దగ్గరకు. సెలవుకు ముందే "ఫలానా తేదీ, అదే పోస్టు" అని లెటర్ ఇవ్వండి. అప్రైజల్ పనిచేసిన నెలల మీదే వేయండి. ఏడాది టార్గెట్‌తో పోలిస్తే ఏ మొనగాడికైనా తక్కువే వస్తుంది.

బే_నంబర్_2:
చేరేవాళ్ల గురించి ఒక్క మాట. ఈఏపీసెట్ కన్వీనర్ సీట్లలో అమ్మాయిలకు 33⅓ శాతం ఉన్నా వాళ్ల మొగ్గు కంప్యూటర్స్ వైపే. మెకానికల్ డిప్లొమా వాళ్లనూ చూడండి. ఆఫర్ లెటర్‌తోపాటు బస్సు రూటు, చివరి డ్రాప్ టైము, హాస్టల్ అడ్రసు పంపండి. ఇంట్లో వాళ్లు మొదట అడిగేది అదే.